కొత్త ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాక మన వంతు ఎప్పుడొస్తుందో లెక్కేసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు కరీంనగర్‌లో ఉంటారు. కొత్తగా వచ్చిన ఒక ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి బుకింగులు తెరిచిన రోజే పొద్దున్నే డబ్బు కట్టారు. మధ్య వేరియంట్, తెలుపు రంగు. ఆర్డరు నంబరు చివర 061 ఉంది. అదే డీలరు దగ్గర బుక్ చేసిన మరో ఏడుగురితో కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. షోరూముకు ఫోన్ చేస్తే రెండు నెలలుగా "వచ్చే నెల వచ్చేస్తుంది సార్" అనే ఒకటే మాట. ఈలోగా పాత కారు అమ్మడానికి బేరం కుదిరింది, కొన్నాయన తొందరపెడుతున్నాడు. "నా ముందు అసలు ఎంతమంది ఉన్నారు? నేనే ఎలా లెక్కేసుకోవాలి?" అని అడిగారు. కంపెనీ పేరు రాయలేదు, ఫరవాలేదు. లెక్క అందరికీ ఒకటే.

సూటిగా చెబుతాను. మీ ముందు అరవై మంది లేరు. తొమ్మిది, పది మంది ఉండవచ్చు. మీ వేరియంట్ బళ్ళు మీ డీలరుకు దిగడం మొదలైన రోజు నుంచి రెండు నెలలకు తక్కువ కాకుండా, నాలుగు నెలలకు మించకుండా మీ వంతు వస్తుందని నా అంచనా. ఆ అంచనా ఎలా వచ్చిందంటే:

మీకంటే ముందు, మీ డీలరు దగ్గర, మీ వేరియంటే కోరినవాళ్ళు ఎందరో చూడండి. అందులోంచి మానుకునేవాళ్ళను తీసేయండి. మిగిలినదాన్ని, ఆ డీలరుకు నెలకు ఆ వేరియంట్ ఎన్ని బళ్ళు వస్తాయో ఆ సంఖ్యతో భాగించండి.

నేను పదమూడేళ్ళు కార్ల షోరూముల్లో పనిచేశాను. విజయవాడలో సేల్స్‌లో మొదలుపెట్టి, హైదరాబాద్, వరంగల్ తిరిగి, చివరి ఆరేళ్ళు అలాట్‌మెంట్ చూశాను. అంటే ట్రెయిలర్‌లో దిగిన బండిని ఎవరి పేరున రాయాలో తేల్చే పని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. అందుకని లోపల జరిగేది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు బుకింగ్ నంబరు సంగతి. చాలామంది దాన్ని రేషన్ షాపు దగ్గర ఇచ్చే టోకెన్ లాంటిదనుకుంటారు. కాదు. ఫ్యాక్టరీ బుకింగుల వరుస చూసుకుని కార్లు చేయదు. కొన్ని వారాలపాటు ఒకే బ్యాటరీ, ఒకే వేరియంట్ వరసపెట్టి చేస్తుంది. పెయింట్ షాపులో కూడా ఒక రంగు బళ్ళు ఒక జట్టుగా వెళ్తాయి. కొత్త మోడల్ అయితే ముందు ఖరీదైన వేరియంటే బయటికొస్తుంది. లాభం ఎక్కువ దానిమీదే, డిమాండూ ఎక్కువ దానికే.

అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ బుకింగులు 2025 ఫిబ్రవరి 14 పొద్దున 9 గంటలకు తెరిచారు. మొదటి రోజే 30,179 వచ్చాయని, అందులో 73 శాతం ప్యాక్ త్రీకేనని కంపెనీయే ప్రకటించింది. అంటే సుమారు 22,000 మంది పై వేరియంట్ కోరారు, మిగతావన్నీ కలిపి 8,000 చిల్లర. డెలివరీల వరుస కూడా ముందే చెప్పారు: ప్యాక్ త్రీ మార్చి మధ్యలో, ప్యాక్ త్రీ సెలెక్ట్ జూన్‌లో, ప్యాక్ టూ జులైలో, ప్యాక్ వన్ ఆగస్టులో. ఇప్పుడు ఆలోచించండి. 9 గంటల 1 నిమిషానికి ప్యాక్ వన్ బుక్ చేసిన మనిషి, అదేరోజు మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా ప్యాక్ త్రీ బుక్ చేసిన మనిషి, ఈ ఇద్దరిలో ముందు బండెక్కేది రెండో ఆయన. మొదటాయన పొద్దున్నే లేచి ఫోన్ పట్టుకు కూర్చున్నది ఆయన్ను ప్యాక్ వన్ వరుసలో మాత్రమే ముందుకు తెచ్చింది.

అమెరికాలో టెస్లా మోడల్ 3 విషయంలోనూ ఇదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. 2016 మార్చి 31న వెయ్యి డాలర్లు కట్టి బుక్ చేసుకోమంటే వారంలో 3,25,000 మంది కట్టారు. అక్కడున్న మనవాళ్ళు కూడా షోరూముల ముందు తెల్లవారుజామునే వరుస కట్టారు. 2017 జులైలో డెలివరీలు మొదలైనప్పుడు మొదటి కార్లు కంపెనీ ఉద్యోగులకు వెళ్ళాయి. తర్వాత అంతకుముందే టెస్లా కార్లున్నవాళ్ళకు, అందులోనూ ఫ్యాక్టరీకి దగ్గరైన పశ్చిమ తీరం వాళ్ళకు ముందు. చేసింది కూడా పెద్ద బ్యాటరీ కారే. అందరూ ఆశపడ్డ 35,000 డాలర్ల చవక కారు ఆర్డరుకు వచ్చింది 2019 ఫిబ్రవరి చివర్లో. మొదటి రోజు వరుసలో మొదటివాడిగా నిలబడి చవక కారే కావాలన్నవాడు దాదాపు మూడేళ్ళు ఆగాడు. మన దేశం నుంచీ కొందరు అప్పుడు డబ్బు కట్టారు. టెస్లా ఇక్కడ షోరూము తెరిచింది 2025 జులైలో, ముంబయిలో. అమ్మకానికి పెట్టింది మోడల్ వై.

కాబట్టి మీరు నిలబడింది ఒక పెద్ద వరుసలో కాదు. అనేక చిన్న వరుసల్లో ఒకదానిలో.

షోరూములో ఆ చిన్న వరుస ఎలా కదులుతుందో ఒక రాత్రి సంగతి చెబితే బాగా తెలుస్తుంది. నెలాఖరు. రాత్రి తొమ్మిదిన్నరకు మా స్టాక్‌యార్డు గేటు ముందు ట్రెయిలర్ ఆగింది. డ్రైవరు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలు నా చేతిలో పెట్టి నీళ్ళడిగాడు. ఆరు బళ్ళు దిగాయి. బానెట్ల మీద తెల్ల ఫిల్మ్, సీట్లకు ప్లాస్టిక్ తొడుగులు, అద్దం మీద మార్కరుతో రాసిన ఛాసిస్ నంబరు చివరి అంకెలు. నాలుగు పై వేరియంట్, రెండు మధ్య వేరియంట్. మధ్యవి రెండూ తెలుపే. నెలాఖరు కాబట్టి ఆ రెండూ రేపు సాయంత్రానికి బిల్లు కావాలని పైనుంచి ఒత్తిడి.

నా ఎక్సెల్ షీటులో ఆ వేరియంట్ కింద ఉన్న పేర్లకు వరసగా ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదటాయన ముదురాకుపచ్చ తప్ప ఇంకోటి వద్దన్నాడు, ఆగుతానన్నాడు. రెండో ఆయన లోను ఇంకా మంజూరు కాలేదు. మూడో ఇంట్లో, "రేపు అమావాస్య కదండీ, విదియ వెళ్ళాక తీసుకుంటాం" అన్నారు. నాలుగో ఆయన మొహమాటపడుతూ వేరే కంపెనీ కారు కొనేశానని చెప్పాడు. అయిదో ఆమె పొద్దున పదికల్లా వస్తానంది. ఆరో ఆయన ఫోనెత్తలేదు. ఏడో ఆయనకు బ్యాంకు డీవో, అంటే లోను ఇస్తామని షోరూముకు రాసిచ్చే కాగితం, చేతిలోనే ఉంది, రంగు ఏదైనా సరే అన్నాడు. అరగంటలో అయిదో పేరు, ఏడో పేరు బండెక్కాయి. బుకింగ్ నంబర్లు చూస్తే వాళ్ళవి 38, 57. అంతకుముందు నంబర్ల వాళ్ళు మర్నాడు ఎవరి ద్వారానో విని, డబ్బు తిని వరుస మార్చారని మమ్మల్ని తిట్టారు. ఆ రాత్రి ఎవరూ ఏమీ తినలేదు. వరుస అలాగే కదులుతుంది.

పైవాళ్ళ ఫోన్లు రావా అంటే, వస్తాయి, దాచను. కానీ నేను చూసినంతలో నెలకు ఒకటో రెండో బళ్ళు అలా వెళ్ళేవి, అవీ ఎక్కువగా పై వేరియంట్. మీ ఆలస్యంలో దాని వాటా చిన్నది. సిద్ధంగా లేకపోవడం వల్ల వంతు పోగొట్టుకున్నవాళ్ళు దానికి పదింతలు.

ఇక మీ లెక్కకు వద్దాం. గ్రూపులో ఎనిమిది మంది నంబర్లు మీరే రాశారు: 14, 31, 47, 61, 78, 90, 113, 126. ముందు తేల్చుకోవాల్సింది, ఈ నంబర్లు మీ డీలరు వరుసవా, దేశం మొత్తం మీదివా అనేది. కొద్ది నిమిషాల తేడాతో బుక్ చేసిన ఇద్దరి నంబర్లు పక్కపక్కనే ఉన్నాయో లేదో చూడండి. ఇద్దరికీ వేల అంకెల తేడా ఉంటే అది దేశం మొత్తానికి నడిచే నంబరు, దాంతో ఈ లెక్క కుదరదు. మీ ఎనిమిదీ 130 లోపే ఉన్నాయి, బుక్ చేసిన తేదీల వరుసలోనే పెరుగుతున్నాయి. కాబట్టి డీలరు వరుసే.

ఈ ఎనిమిది నంబర్లతో ఆ డీలరు దగ్గర మొత్తం ఎన్ని బుకింగులున్నాయో చెప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు చేస్తోందో తెలుసుకోడానికి మిత్రదేశాల గణాంకశాస్త్రులు వాడిన పద్ధతి ఇది. పట్టుబడ్డ ట్యాంకుల మీది సీరియల్ నంబర్లు తీసుకుని లెక్కేశారు. 1942 ఆగస్టుకు గూఢచారులు చెప్పింది నెలకు 1,550, నంబర్ల లెక్క చెప్పింది 327. యుద్ధం ముగిశాక జర్మన్ల రికార్డులు చూస్తే 342. సూత్రం చాలా తేలిక: కనిపించిన వాటిలో పెద్ద నంబరును, మొత్తం ఎన్ని నంబర్లు చూశామో దానితో భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద నంబరుకే కలిపి, ఒకటి తీసేయాలి. మీ విషయంలో 126ను 8తో భాగిస్తే 15.75. 126కు అది కలిపి ఒకటి తీసేస్తే 140 చిల్లర. అంటే మీ డీలరు దగ్గర సుమారు 140 బుకింగులు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సూత్రం నంబర్లు ఎటుపడితే అటు దొరికినప్పుడు బాగా పనిచేస్తుంది. వాట్సాప్ గ్రూపులో చేరేది ఆత్రంగా ముందే బుక్ చేసినవాళ్ళు. చివర్లో బుక్ చేసినవాళ్ళు తక్కువగా చేరతారు. కాబట్టి అసలు సంఖ్య 140 కంటే ఎక్కువే ఉండవచ్చు, 160 అయినా ఆశ్చర్యం లేదు. డబ్బు కట్టేటప్పుడు పేమెంట్ ఫెయిలైన ఆర్డర్లకూ ఒక్కోసారి నంబరు పడుతుంది, అవి ఖాళీలు. ఈ రెండు పొరపాట్లూ ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతాయి. 140 అనే అనుకుందాం.

మీ ముందున్నవి 60. వాటిలో మీ వేరియంట్ ఎన్ని? మీ ఎనిమిది మందిలో మధ్య వేరియంట్ మీరు, ఇంకొకరు, అంతే. ఎనిమిదికి రెండు. ఇంత చిన్న గ్రూపును పట్టుకుని పావువంతు అనేయలేం, కానీ కొత్త మోడళ్ళకు మొదటి రోజు బుకింగుల్లో మధ్య వేరియంట్ అయిదింట ఒకటి ఉండటం నేను తరచూ చూసిందే. 60లో అయిదో వంతు 12.

ఆ 12లో కొందరు మానుకుంటారు. ఈ భాగాన్నే జనం తక్కువగా అంచనా వేస్తారు. వాపసు ఇచ్చే బుకింగ్ డబ్బు అయితే నా చేతిమీదుగా నూటికి పాతిక దాకా రాలిపోయేవి. ఒకే మనిషి రెండు కంపెనీల కార్లు బుక్ చేసి, ముందు ఏది వస్తే అది తీసుకుని రెండోది వదిలేస్తాడు. టెస్ట్ డ్రైవ్ బండి రాకముందే బుక్ చేసినవాళ్ళు, బండి నడిపి చూశాక మనసు మార్చుకుంటారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఛార్జర్‌కు అసోసియేషన్ ఒప్పుకోక వదులుకున్నవాళ్ళూ ఉన్నారు. టెస్లా మోడల్ 3కి కూడా డెలివరీలు అప్పుడే మొదలవుతున్న 2017 ఆగస్టు నాటికి 5,18,000 బుకింగుల్లో 63,000 రద్దయ్యాయని కంపెనీ పెద్దే చెప్పారు. నూటికి పన్నెండు. అది ఎదురుచూపులు ఇంకా మొదట్లో ఉన్నప్పటి మాట. మీ 12లో ముగ్గుర్ని తీసేయండి. మిగిలింది 9.

నెలకు ఎన్ని వస్తాయన్నది మిగిలింది. కంపెనీలు డీలర్లకు బళ్ళు పంచేటప్పుడు చూసేది ప్రధానంగా ఎవరి దగ్గర ఎన్ని బుకింగులు పెండింగ్‌లో ఉన్నాయన్నదే. అందుకే ఆ 140 మనకు పనికొచ్చేది. ఉదాహరణకు దేశం మొత్తం మీద 30,000 బుకింగులు, ఫ్యాక్టరీ నెలకు 5,000 బళ్ళు చేస్తుందనుకోండి. నెలకు ఆరో వంతు తీరుతుంది. 140లో ఆరో వంతు 23. అందులో మధ్య వేరియంట్ అయిదో వంతు, నాలుగైదు. మొదట్లో డెమోకు, డిస్‌ప్లేకు ఒకటో రెండో పోతాయి కాబట్టి నాలుగు అనుకుందాం. 9ని 4తో భాగిస్తే రెండు నెలల పైన ఒక వారం. మీ కంపెనీ ప్రకటించిన బుకింగుల సంఖ్య, నెలసరి ఉత్పత్తి ఈ 30,000, 5,000 చోట వేసుకుని మళ్ళీ చూడండి.

ఉత్పత్తి సంఖ్యను కంపెనీ మాటమీద నమ్మకుండా సరిచూసుకునే దారి ఒకటుంది. కేంద్ర రవాణా శాఖ వాహన్ డ్యాష్‌బోర్డులో నెలనెలా ఏ తయారీదారు బళ్ళు ఎన్ని రిజిస్టరయ్యాయో ఎవరైనా చూడవచ్చు. టాటా, మహీంద్రా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలు అందులో వేరే పేర్లతో ఉంటాయి కాబట్టి విడిగా దొరుకుతాయి. మోడల్ వారీగా మాత్రం ఉండదు. ఇంకో లోటు, తెలంగాణ రిజిస్ట్రేషన్లు చాలా ఏళ్ళపాటు ఆ డ్యాష్‌బోర్డులో కలవలేదు, డీలర్ల సంఘం ఫాడా నెలసరి లెక్కల కింద కూడా తెలంగాణ మినహా అనే రాసేవాళ్ళు. కాబట్టి పాత నెలల అంకెలతో పోల్చేటప్పుడు కరీంనగర్ సంగతి అందులో వెతక్కండి, దేశం మొత్తం ఊపు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడండి.

డీలరు వేగం తెలుసుకోడానికి అంతకంటే మంచి మార్గం మనిషిని అడగడమే. కాకపోతే "నా కారెప్పుడు?" అని అడక్కండి. ఆ ప్రశ్నకు సేల్స్ కుర్రాడి దగ్గర ఒకటే జవాబు, "వచ్చే నెల సార్". పాపం అతనికీ తెలియదు, అలాట్‌మెంట్ షీటు అతనికి చూపించరు. నెల మొదటి వారంలో, పని తక్కువగా ఉండే మధ్యాహ్నం వెళ్ళి సేల్స్ మేనేజర్‌ను ఈ మూడే అడగండి: పోయిన నెల ఈ మోడల్ ఎన్ని బిల్లయ్యాయి? అందులో నా వేరియంట్ ఎన్ని? చివరగా నా వేరియంట్ ఇచ్చినవాళ్ళు ఏ తేదీన బుక్ చేశారు? మూడో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. జూన్ మొదట్లో ఫిబ్రవరి 14న బుక్ చేసినవాళ్ళకు ఇస్తూ, జులై మొదట్లో ఫిబ్రవరి 16 వాళ్ళకు ఇస్తున్నారంటే, వరుస నెలకు రెండు రోజులు కదిలింది. దాన్నిబట్టి మీ తేదీ ఎంత దూరంలో ఉందో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండు నెలలనకుండా రెండు నుంచి నాలుగు అని ఎందుకన్నానో చెప్పాలి. దానికి కారణం నేను చేసిన ఒక తప్పు.

జనగామ దగ్గర్నుంచి రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు కారు బుక్ చేశారు. భార్యకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది, బస్సెక్కలేరు. దసరాకు కొడుకు, కోడలు వస్తారు, అందరం కలిసి యాదగిరిగుట్ట వెళ్ళాలి, అప్పటికి వస్తుందా అని అడిగారు. నేను షీటు చూసి, ఇప్పుడు మీకు చెప్పిన లెక్కే వేసి, విజయదశమికి ఇస్తానని ఖచ్చితంగా చెప్పేశాను. ఆ నెల కంపెనీ ఆయన వేరియంట్ ఉత్పత్తి ఆపి పై వేరియంట్ మీదికి మళ్ళింది. మా డీలరుకు ఆరు వారాలు ఆ వేరియంట్ ఒక్కటీ రాలేదు. ఆయన నవమి రోజు సాయంత్రం షోరూముకు వచ్చి, ఏమీ అనకుండా, అరగంట కుర్చీలో కూర్చుని వెళ్ళారు. బండి సంక్రాంతి దాటాక ఇచ్చాను. తాళం చేతిలో పెడుతుంటే ఆయన నవ్వారు గాని, నాకు ఆ నవమి సాయంత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ తర్వాత ఎవరికీ నేను ఒక తేదీ చెప్పలేదు. లెక్కలో వచ్చినది కింది హద్దు, దానికి రెట్టింపు పై హద్దు, ఆ మధ్యలో ఎప్పుడైనా అని చెప్పేవాణ్ణి. ఆ మాట వినడానికి బాగుండదు, అయినా నిలబడేది.

ఎలక్ట్రిక్ కార్లకు ఈ పై హద్దు మరీ అవసరం. పెట్రోలు కారు ఆలస్యమయ్యే కారణాలన్నీ దీనికీ ఉన్నాయి, పైగా బ్యాటరీ సెల్స్, మోటారులోని అయస్కాంతాలు చాలావరకు బయటి నుంచి రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక మన దేశంలో కొన్ని కంపెనీల ఎలక్ట్రిక్ బళ్ళ తయారీ తగ్గింది. అలాంటిది ఏ లెక్కలోనూ ముందుగా కనిపించదు.

మీకు కలిసొచ్చేవి కూడా ఉన్నాయి. మొదటిది ఆషాఢం. మన దగ్గర ఆషాఢంలో, మూఢంలో బండి తీసుకోరు. కానీ పుణెలోనో, గుజరాత్‌లోనో ఉన్న ఫ్యాక్టరీ ఆ నెల ఆగదు. 2025లో ఆషాఢం జూన్ 26 నుంచి జులై 24 దాకా. ఆ నాలుగు వారాలూ మన షోరూముల యార్డుల్లో బళ్ళు నిలబడిపోతాయి, ముందున్నవాళ్ళు "శ్రావణం రానివ్వండి" అంటారు, మేనేజరు ఎవరైనా తీసుకుంటే చాలనుకుంటాడు. వరంగల్‌లో ఒక లెక్చరర్ గారు ఇది తెలిసి, "ఆషాఢమైనా నాకు అభ్యంతరం లేదు, రాసుకోండి" అని ముందే చెప్పి పెట్టారు. తన ముందున్న పదకొండు మందిని దాటి బండి తీసుకెళ్ళారు. మీకు, ఇంట్లో పెద్దవాళ్ళకు పట్టింపు లేకపోతే ఈ మాట మేనేజరుకు చెప్పి, వాట్సాప్‌లో కూడా రాసి పెట్టండి. పట్టింపు ఉంటే మాత్రం ఇంట్లో గొడవ తెచ్చుకోకండి. బిల్లు, ఇన్సూరెన్స్ ఈలోగా చేయించుకుని, బండిని మంచి రోజు చూసి ఇంటికి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు.

రెండోది మీ తెలుపు రంగు. తెలుపు ఎక్కువ చేస్తారు, ఎక్కువమంది కోరతారు కూడా. అందుకని అది మరీ లాభం, మరీ నష్టం కాదు. "తెలుపు మొదటి ఎంపిక, వెండి రంగైనా ఫరవాలేదు" అని రాయించగలిగితే మీ చిన్న వరుస ఇంకా పొట్టిదవుతుంది. వేరియంట్ మార్చడం మాత్రం ఆలోచించి చేయండి. కొన్నిచోట్ల వేరియంట్ మారిస్తే పాత తేదీ పోయి మార్చిన రోజు నుంచి కొత్తగా లెక్కేస్తారు. పాత తేదీ ఉంటుందా అని మెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే మార్చండి.

మూడోది మీ చేతుల్లో ఉన్నది. బ్యాంకు మంజూరు సిద్ధంగా పెట్టుకోండి, కానీ మంజూరుకు గడువుంటుంది కాబట్టి మరీ ముందు తీసుకోకండి. మార్జిన్ డబ్బు, అంటే లోను పోగా మీరు కట్టాల్సింది, ఖాతాలో ఉండాలి. ఇంట్లో 7.2 కిలోవాట్ ఛార్జర్ పెట్టాలంటే, చాలా ఇళ్ళకు ఉండే రెండు మూడు కిలోవాట్ల లోడు చాలదు. కరెంటు ఆఫీసులో లోడు పెంచమని ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, ఆ పని ఈ ఖాళీలో అయిపోతుంది. ఆధార్, పాన్, చిరునామా రుజువు డీలరు దగ్గర ముందే ఇచ్చి పెట్టండి. నెలాఖరు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వస్తే ఎత్తండి.

రోడ్డు టాక్సు గురించి కూడా అడిగారు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మినహాయింపు 2024 నవంబరు 18 నుంచి అమల్లో ఉంది, 2026 డిసెంబరు 31 వరకు గడువు. ఇక్కడ చూసేది రిజిస్ట్రేషన్. బుకింగ్ రసీదు తేదీ చూపించి మినహాయింపు అడిగితే కుదరదు. ధర కూడా అంతే. బుకింగ్ ఫారం మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, బిల్లు చేసిన రోజున్న ధరే కట్టాలి. ఆ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవండి.

ఇక మీ పాత కారు. ఛాసిస్ నంబరు మీ పేరున పడేదాకా పాత కారు అప్పగించకండి. షోరూము నుంచి "అలాట్ అయింది సార్" అనే ఫోన్ వస్తే, ఛాసిస్ నంబరు రాసి పంపమనండి. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. అది వచ్చిందంటే ఒక నిజమైన బండి ఫ్యాక్టరీ గేటు దాటింది, మీ వరుస అయిపోయింది. పుణె నుంచి అయితే ట్రెయిలర్‌కు నాలుగైదు రోజులు, యార్డులో తనిఖీ, ఛార్జింగ్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఇంకో నాలుగైదు రోజులు. పది, పన్నెండు రోజుల్లో బండి ఇంటి ముందుంటుంది. నంబరు ఇవ్వకుండా "అలాట్ అయినట్టే" అంటే కాలేదనే అర్థం.

కొన్నాయనకు ఇదే చెప్పండి. "ఛాసిస్ నంబరు వచ్చిన పదో రోజు మీకు కారు ఇస్తాను, రెండు నుంచి నాలుగు నెలలు పట్టవచ్చు, ఆగలేకపోతే మీ బయానా వెనక్కిచ్చేస్తాను" అని. ఆయన ఆగకపోతే పోనీయండి, పాత కార్లకు కొనేవాళ్ళు దొరుకుతారు. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఆ మూడు ప్రశ్నలు అడిగాక, వచ్చిన జవాబులు ఇక్కడ రాయండి. ముఖ్యంగా మూడోదానికి ఏ తేదీ చెప్పారో. అది తెలిస్తే ఈ రెండు నుంచి నాలుగును ఇంకా దగ్గరికి తేవచ్చు, కూర్చుని మళ్ళీ లెక్క వేసి చెబుతాను.